సైప్రస్‌లో పెళ్లి చేసుకుంటే తర్వాత ఎక్కడ ఉండాలి?
నమస్కారమండీ. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఒక పెద్దావిడను చూసుకునే పనిలో ఉన్నాను. ఆవిడ మనవరాలు, యూదు అమ్మాయి, పాలస్తీనా నగరమైన రమల్లాకు చెందిన కుర్రాడిని ప్రేమించింది. నిన్న ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చేసింది. ఆ కన్నీళ్లు ఉల్లిపాయలవి కావని నాకూ తెలుసు. ఇజ్రాయెల్‌లో మతంతో పనిలేని పౌర వివాహం లేదు కాబట్టి సైప్రస్ వెళ్లి చేసుకుంటారట. చిక్కంతా ఆ తర్వాతే. రమల్లా దారిలో ఇజ్రాయెల్ పౌరులు లోపలికి వెళ్లకూడదని ఎర్ర బోర్డు ఉంటుంది. అతను ఇటు వద్దామంటే పాలస్తీనా వాళ్లు పెళ్లి ద్వారా ఇజ్రాయెల్‌లో ఉండే హక్కు పొందకుండా ఆపే 2003 నాటి చట్టం అడ్డు. 2021లో గడువు తీరినా 2022లో మళ్లీ తెచ్చారు. భర్తకు 35 దాటితే తాత్కాలిక అనుమతి అడగవచ్చట, అతనికి 29. ఇలాంటి జంటలు మీకెవరికైనా తెలుసా? చివరికి ఎక్కడ స్థిరపడ్డారు? పెద్దావిడకు ఇంకా చెప్పలేదు, ఆ భయం వేరే.