సికింద్రాబాద్ హద్దు ఎక్కడ?

పద్మారావు నగర్ నివాసి:
మా పద్మారావు నగర్ సికింద్రాబాద్ కిందికి వస్తుందని నేను, అంతా హైదరాబాదేనని మా తమ్ముడు చాలాకాలంగా వాదించుకుంటున్నాము. 1960లో సికింద్రాబాద్ మునిసిపాలిటీని హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపేశాక ఇక వేరే ఊరన్నది లేదని అతని మాట. ఇక్కడివారు హద్దును దేన్నిబట్టి చెప్పుకుంటారో పెద్దలు తెలియజేయగలరు.

ఖైరతాబాద్ నివాసి:
మీ తమ్ముడుగారి మాటే సబబు. నేను ఖైరతాబాద్‌లో ఉంటూ సికింద్రాబాద్ లోక్‌సభ స్థానానికి ఓటు వేస్తున్నాను. నాంపల్లి వారూ అంతే. హద్దులు ఇంతగా కలగలిసిపోయాక మళ్ళీ గీత గీయాలనుకోవడం వల్ల చిరునామాల గందరగోళం తప్ప ఒరిగేదేమీ లేదు.

మారేడ్‌పల్లి నివాసి:
ఖైరతాబాద్ వారు చూపిన ఉదాహరణ వారి వాదనకే అడ్డం తిరుగుతోంది. నాంపల్లి సికింద్రాబాద్ లోక్‌సభ స్థానంలో ఉంది; సిపాయిల విడిదిగా మొదలై 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ ఊరికి మూలమైన కంటోన్మెంటేమో మల్కాజ్‌గిరి స్థానంలో ఉంది. అయినా నాంపల్లి స్టేషన్ ముందు నిలబడి తాను సికింద్రాబాద్‌లో ఉన్నానని అనేవారు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. అంటే ప్రభుత్వం గీతలు ఎన్నిసార్లు మార్చినా జనం తమ లెక్కను విడిగా కాపాడుకుంటూనే ఉన్నారు.

ఆ లెక్క అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. నైరుతిన హుస్సేన్ సాగర్ ఉంది కనుక పేచీ లేదు. ట్యాంక్‌బండ్ దాటి రాణిగంజ్‌లో అడుగుపెడితే సికింద్రాబాదే. తూర్పున మెట్టుగూడ, లాలాగూడలు రైల్వేతో పెరిగినవి కాబట్టి అవీ మావే. అసలు చిక్కంతా దక్షిణాన, ముషీరాబాద్ వైపు ఉంది. గాంధీ ఆసుపత్రి పూర్వం సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ సమీపంలో ఉండేది. 2003లో అది ముషీరాబాద్ జైలు ఉన్న స్థలానికి మారింది. జైలుగా ఉన్నన్నాళ్ళూ ఆ స్థలాన్ని అందరూ ముషీరాబాద్ అనే అన్నారు. ఇప్పుడు జిల్లాల నుంచి రోగిని తీసుకొచ్చేవారు సికింద్రాబాద్ గాంధీకి వెళ్తున్నామంటారు. నేల మారలేదు, గోడల మధ్య ఉన్న సంస్థ మారింది, దానితోపాటు హద్దు కూడా జరిగింది. పద్మారావు నగర్ ఆ ఆసుపత్రిని ఆనుకునే ఉంది కనుక ప్రశ్న అడిగినవారి పక్షానే నేను నిలుస్తాను.

ముషీరాబాద్ నివాసి:
పద్మారావు నగర్ విషయంలో నాకు అభ్యంతరం లేదు. చిలకలగూడ మీదుగా స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగే పేటను సికింద్రాబాద్ కాదనడం కుదరదు. కానీ ఆసుపత్రి వచ్చినంత మాత్రాన మా ముషీరాబాద్‌ను అటు కలిపేస్తామంటే ఒప్పుకోము. బయటి ఊళ్ళవారు పిలిచే పేరును బట్టి కాక, ఇక్కడివారి ఆచారాన్ని బట్టి హద్దు చెప్పాలి. ఆషాఢంలో బోనాలు ముందు గోల్కొండలో మొదలవుతాయి, ఆపైన ఉజ్జయిని మహంకాళి అమ్మవారికి లష్కర్ (సికింద్రాబాద్‌కే వాడుక పేరు) బోనాలు జరుగుతాయి, ఆ తరువాత లాల్‌దర్వాజా, పాతబస్తీల వంతు వస్తుంది. ఏ ఇంటివారు లష్కర్ ఆదివారం నాడు బోనమెత్తి చుట్టాలను భోజనానికి పిలుస్తారో ఆ ఇల్లు సికింద్రాబాద్‌ది. నా దృష్టిలో ఇంతకంటే నమ్మదగిన కొలత లేదు.

మారేడ్‌పల్లి నివాసి:
బోనాల కొలత గొప్పదే, మా ఇంట్లోనూ అదే పాటిస్తాము. అయితే దాన్ని ఒక్కదాన్నే ప్రమాణంగా పెట్టుకుంటే మహాత్మా గాంధీ రోడ్డులోని అగ్ని దేవాలయానికి వెళ్ళే పార్సీ కుటుంబాలు, లాలాగూడలో రైల్వే కొలువులతో తరాలుగా స్థిరపడిన ఆంగ్లో ఇండియన్లు లెక్కలోకి రాకుండా పోతారు. వారిని విడిచిపెట్టి గీసే సికింద్రాబాద్ హద్దును నేను ఒప్పుకోలేను. మోండా మార్కెట్‌లో కూరగాయలు, జనరల్ బజారులో బట్టలు కొనడం మాత్రం వీరందరికీ ఉమ్మడి అలవాటు. ఆసుపత్రి గురించి మీ అభ్యంతరాన్ని అంగీకరిస్తున్నాను: గేటు లోపలి భాగాన్ని సికింద్రాబాద్ అనుకుందాము, గేటు ముందు రోడ్డు మాత్రం ముషీరాబాద్‌దే.