అప్‌డేట్: మజిల్‌లోడర్ కొనేశాను

అమెరికాలోని ఒహాయోలో జింకల వేటకి మొదటి మజిల్‌లోడర్‌గా (మూతి వైపు నుంచి మందు, తూటా దట్టించే తుపాకీ) ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే పాతరకం) మంచిదా, ఇన్‌లైన్ (మందుని లోపలే అంటించే కొత్తరకం) మంచిదా అని ఇదివరకు అడిగాను కదా. చివరికి .50 కాలిబర్ (అర అంగుళం గొట్టం) సీవీఏ కంపెనీ వుల్ఫ్ మోడల్ ఇన్‌లైన్ తీసుకున్నాను. ఫ్లింట్‌లాక్ అందమే వేరు, కానీ జనవరి మంచులో, తడిలో బయట పళ్లెంలోని తుపాకీ మందుని పొడిగా కాపాడుకోవడం నా వల్ల కాదు. ఇందులో 209 ప్రైమర్ (మందుని అంటించే చిన్న టోపీ) లోపలే ఉంటుంది.

"వంద గ్రెయిన్లు ఎందుకు తమ్ముడూ, 80తో మొదలుపెట్టు" అని మందు కొలత (గ్రెయిన్) గురించి అప్పుడు చెప్పిన అన్నయ్యకి థాంక్స్. ట్రిపుల్ సెవెన్ అనే పొడిమందు 80 గ్రెయిన్లు (తూకం కాదు, కొలత గొట్టంతో) పోస్తే భుజానికి హాయిగా ఉంది, గురీ కుదిరింది. షాట్ షాట్‌కీ బ్యారెల్‌లో తడిగుడ్డ ఆడించాలి, లేదంటే లోపలి మసికి తర్వాతి తూటా సగంలోనే బిగుసుకుంటుంది. తూటా మందు మీద పూర్తిగా కూర్చున్నప్పుడు, తూటాని దట్టించే రాడ్ మీద బ్యారెల్ మూతి దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకున్నాను. ఆ గీత మూతికి పైన కనిపించిందంటే తూటాకీ మందుకీ మధ్యలో ఖాళీ ఉన్నట్టే, పేల్చకూడదు.

కడగడం మాత్రం అదే రోజు అయిపోవాలి, తుప్పు ఆగదు. సబ్బునీళ్లు, బ్రీచ్ ప్లగ్‌కి (బ్యారెల్ వెనక భాగాన్ని మూసే మర) గ్రీజు. వంటింటి సింక్ దగ్గర మా ఆవిడతో రోజూ పంచాయితీనే.

జింక సంగతా? ఒక ఆడజింక దొరికింది. పొగ తేలేదాకా తగిలిందో లేదో తెలియక ఒకటే టెన్షన్. స్కోప్ ఇంకా కొనలేదు.