కళాశాలలో పుస్తకావిష్కరణలు, ఉపన్యాసాలు: పట్టణంవారు కూడా వచ్చి కూర్చునేలా ఎలా జరపాలి?

ప్రశ్న: తెలుగు అధ్యాపకురాలు, నల్లగొండ

మా డిగ్రీ కళాశాలలో బి.ఏ. చదివే పిల్లలే ఎక్కువ. ఈ ఏడాది నుంచి నెలకొక విస్తరణోపన్యాసం, వీలైనప్పుడు దానితో పాటు ఒక పుస్తకావిష్కరణ జరపాలని నిర్ణయించి, ఆ బాధ్యతను తెలుగు శాఖకు, అంటే నాకు, అప్పగించారు. పట్టణంలోని పాఠకులకు కూడా ప్రవేశం ఉండాలన్నది మొదటి నుంచీ అనుకున్న మాటే. కానీ మొదటి సభ జరిగిన తీరు చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పదకొండు గంటలకు మొదలు కావలసిన సభ పన్నెండుంబావుకు మొదలైంది. వేదిక మీద పదకొండు కుర్చీలు వేశాం. జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, ఒక్కొక్కరికి శాలువా, జ్ఞాపిక, ఫొటో అయి, పుస్తకాలకు చుట్టిన రంగుకాగితం విప్పేసరికి ఒంటిగంట దాటింది. అది మన జిల్లా కవి రాసిన కవితా సంపుటి; అందులోంచి ఒక్క కవితనైనా ఎవరూ చదవలేదు. ఇద్దరు వక్తలు వెనుక అట్ట మీది మాటలనే అటూ ఇటూ తిప్పి చెప్పారు. కవిగారి వంతు వచ్చేసరికి, పిల్లలు ఆకలితో ఉన్నారంటూ ఆయనే నాలుగు నిమిషాల్లో ముగించుకున్నారు. తరువాత తెలిసిన సంగతి ఇంకా బాధ కలిగించింది. పత్రికలో ప్రకటన చూసి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడిని, గుర్తింపు కార్డు లేదని గేటు దగ్గరే ఆపేశారట. ఆయన వేపచెట్టు కింద చాలాసేపు కూర్చుని వెళ్లిపోయారట.

ఎవరూ నొచ్చుకోకుండా వేదికను ఎలా తగ్గించాలి? పుస్తకంలోంచి ఎంతసేపు చదివించవచ్చు, దానికి అనుమతులేమైనా కావాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, మహబూబ్‌నగర్

అమ్మా, మీరు రాసినది చదువుతుంటే నేను జరిపిన సభలే కళ్లముందు తిరిగాయి. అటువంటి పదకొండు కుర్చీలు వేయించిన పాపంలో నాకూ వాటా ఉంది. ఎన్నో సభలు చెడగొట్టుకున్న తరువాత నాకు దొరికిన ఉపాయం ఇది. వేదిక మీద ముగ్గురే ఉండాలి: రచయిత, పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివిన ఒక వక్త, సభ నడిపేవారు. ప్రిన్సిపాల్ గారిని, అతిథులను ముందు వరుసలో కూర్చోబెట్టి, ఆవిష్కరణ మాత్రం వారి చేతుల మీదుగా, వేదిక కింద శ్రోతల మధ్యనే జరిపించండి. వారికి గౌరవం దక్కుతుంది, ఫొటో వస్తుంది, ప్రసంగం మాత్రం ఉండదు. ఈ సంగతి ఆహ్వానపత్రికలోనే తెలిసిపోవాలి, ఎందుకంటే మన దగ్గర పత్రికలో పేరు పడిన ప్రతివారూ రెండు మాటలు మాట్లాడే హక్కు వచ్చిందనే అనుకుంటారు. ఆ రెండు మాటలు ఎంతసేపు సాగుతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ సంస్థకు పంపే నివేదికకు ఫొటోలు కావాలి కనుక పెద్దలంతా పైన కనిపించాలని ఎవరైనా వాదిస్తే, ఫొటోలో తేదీ, స్థలం, కూర్చున్న శ్రోతలు కనిపిస్తే చాలని మర్యాదగా చెప్పండి.

చదివి వినిపించడం సభ మొదట్లోనే పెట్టండి, కనీసం ఇరవై నిమిషాలు. ఇది మనకు కొత్త పద్ధతేమీ కాదు. గద్వాల సంస్థానానికి కార్తీక, మాఘ మాసాల్లో పండితులు, కవులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి తమ విద్య చూపి సన్మానం పొందేవారు. విద్వద్గద్వాల అన్న పేరు ఊరికే రాలేదు. అక్కడ ముందు కవిత్వం వినేవారు, తరువాత సత్కరించేవారు. మనం ఆ వరుసను తలకిందులు చేసి, కవి నోరు విప్పకముందే శాలువా కప్పి కూర్చోబెడుతున్నాం. చివర ప్రశ్నలకు కూడా పావుగంట ఉంచండి. ప్రశ్న అడిగితే వక్తను అవమానించినట్టని పిల్లలు జంకుతారు. ప్రశ్న వేసే పృచ్ఛకుడే లేకపోతే అవధానమే లేదని వారికి ఒకసారి గుర్తు చేస్తే ఆ జంకు కొంత తగ్గుతుంది.

ఇంకొక మాట. ప్రతి నెలా కొత్త పుస్తకమే దొరకాలని లేదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల వారిని పిల్లలతోనే వెతికించి, ఆ పద్యాలను వారితోనే చదివించండి. నేను ఒకసారి ఈ పని చేయించినప్పుడు, తరగతిలో ఎప్పుడూ నోరు మెదపని ఒక కుర్రవాడు, తన పక్క ఊరి పేరు కనిపించిందని పుస్తకం పట్టుకుని మధ్యాహ్నం భోజనం దగ్గరికే వచ్చేశాడు. సంధులు తప్పుగా విడదీసి చదివాడు, అయినా సభ అంతా చెవులప్పగించి విన్నది.

జవాబు 2: పుస్తకాల దుకాణదారు, నల్లగొండ

పెద్దాయన చెప్పిన వాటిలో శాలువా సంగతి ఒక్కటే నాకు సరిపడలేదు. సన్మానం ఆఖరుకు జరపమనడం సరే, కానీ దానిని తేలికగా తీసేయకండి. మన వైపు చాలామంది రచయితలు సొంత డబ్బుతో పుస్తకం అచ్చు వేయించుకుంటారు. ఇంట్లోవారి ముందు వారికి జరిగే మర్యాద ఒక్కోసారి అదొక్కటే. కాబట్టి పదకొండు మెరుపు శాలువాలు కొనే బదులు, గట్టుప్పల మగ్గం మీద నేసిన మంచి బట్ట ఒకటి కొని రచయితకు మాత్రమే కప్పండి.

అమ్మకాల గురించి ఎవరూ అడగలేదు గానీ నా బాధ అదే. నేను వెళ్లిన ఒక సభకు రచయిత నలభై ప్రతులు తెచ్చుకుంటే, వేదిక మీదివారికి, వారి వెంట వచ్చినవారికి ఇరవై రెండు ఉచితంగా పోయాయి, అయిదు అమ్ముడయ్యాయి. ఉచితంగా తీసుకున్న వాటిలో రెండు ఆ సాయంత్రమే కుర్చీల మీద కనిపించాయి. బల్లను లోపలికి వచ్చే దారిలో కాక బయటికి వెళ్లే దారిలో వేయండి. చదివింది విన్నవారే కొంటారు. ఫోన్‌తో చెల్లించే కోడ్‌తో పాటు చిల్లర కూడా ఉంచుకోండి, ఎందుకంటే పుస్తకాలు కొనే పెద్దవాళ్లు ఇప్పటికీ నోట్లే తీస్తారు.

జవాబు 3: పూర్వ విద్యార్థిని, దేవరకొండ

శ్రోతల వైపు నుంచి రెండు విషయాలు చెబుతాను. మేము చదివేటప్పుడు సభకు రాకపోతే హాజరు వేసేది లేదని బెదిరించి కూర్చోబెట్టేవారు. మధ్యాహ్నం మూడు దాటితే మా కళ్లన్నీ గడియారం మీదే ఉండేవి, ఎందుకంటే పల్లెవెలుగు బస్సు తప్పితే ఇంటికి చేరేసరికి చీకటి పడేది. సభను పదిన్నరకు మొదలుపెట్టి పన్నెండున్నరకు ముగించండి.

మూడేళ్లలో కూర్చున్న సభల్లో నాకు గుర్తున్నది ఒక్కటే. కరెంటు పోయి మైకు ఆగిపోయింది, ఫ్యాన్లు కూడా ఆగాయి. వచ్చిన కథకుడు వేదిక దిగి, మా బెంచీల మధ్యకు వచ్చి, కిటికీ పక్కన వెలుతురులో నిలబడి తన కథను పూర్తిగా చదివారు. చదువుతుండగా మధ్యలో ఒక మాట దగ్గర ఆగి, "ఇది అచ్చుతప్పు" అని పెన్నుతో దిద్దుకుని మళ్లీ మొదలుపెట్టారు. కరెంటు వచ్చాక కూడా ఎవరూ మైకు జోలికి పోలేదు.

జవాబు 4: గ్రంథపాలకుడు, వనపర్తి

అనుమతుల గురించి అడిగారు. అచ్చయిన రచనలోంచి సహేతుకమైన మేరకు కొంత భాగాన్ని బహిరంగంగా చదవడం ఉల్లంఘన కాదని 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. సభను వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టడం వేరే సంగతి. దానికి రచయిత చేత అనుమతి కాగితం మీద రాయించుకోండి. రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలుకొని అరవై ఏళ్లు గడిస్తే కాపీరైట్ హక్కు ముగుస్తుంది. సురవరం 1953లో కన్నుమూశారు కనుక, ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలోని పుటలను మీరు నిరభ్యంతరంగా జిరాక్స్ తీసి పంచవచ్చు. తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ పుస్తకానికే, ఆయన పోయిన తరువాత, వచ్చింది.

మీరు ఆవిష్కరించే పుస్తకాల రచయితలు ఎక్కువగా తామే ప్రచురణకర్తలు కాబట్టి ఇంకొకటి కూడా వారికి చెప్పండి. 1954 నాటి చట్టం ప్రకారం, వెలువడిన ముప్పై రోజుల్లో ఒక ప్రతిని కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, ఒక్కొక్క ప్రతిని చెన్నై కన్నెమర మొదలైన మరి మూడు గ్రంథాలయాలకు సొంత ఖర్చుతో పంపాలి. చాలామందికి ఈ సంగతే తెలియదు, వారి పుస్తకం పదేళ్లు గడిచేసరికి ఎక్కడా దొరకదు.

ఉపన్యాసానికి విషయం వెతుకుతుంటే, 1922లో మీ నల్లగొండ నుంచే వెలువడిన నీలగిరి పత్రిక మీద ఒకటి పెట్టండి. దానితో పాటు గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు గురించి కూడా చెప్పించండి. నిజాం కాలంలో సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవలసి వచ్చిందని విన్నాక, మీ గేటు దగ్గర గుర్తింపు కార్డు అడిగేవారికి తమ మీద తమకే నవ్వు రావచ్చు.

ప్రశ్న వేసిన అధ్యాపకురాలు

అందరికీ నమస్కారాలు. ముగ్గురు, పదిన్నర, మొదట చదవడం అన్న మూడింటికీ ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. ముందు వరుస మాటకు మాత్రం కొంచెంసేపు మౌనంగా ఉండి, ఒకసారి చేసి చూద్దామన్నారు. శాలువా ఒక్కటే, అదీ ఆఖర్లోనే. వచ్చే సభ నీలగిరి పత్రిక మీదనే పెడుతున్నాం. గేటు దగ్గర ఒక రిజిస్టరు ఉంచుతాం, పేరు రాసి ఎవరైనా లోపలికి రావచ్చు. ఆ విశ్రాంత ఉపాధ్యాయుడు ఎవరో కనుక్కోమని కాపలాదారుకే చెప్పాను. ఆయన రోజూ సాయంత్రం గడియారం సెంటర్ దగ్గర చాయ్ తాగుతారని అతనే ఆరా తీసి చెప్పాడు, మొదటి ఆహ్వానపత్రికను కూడా తానే తీసుకువెళ్తానన్నాడు.