వరద సాయం: సంస్థలన్నీ డబ్బు ఒక్కచోట పెట్టాలా, జాబితా ఒక్కటైతే చాలా?

హన్మకొండ వాలంటీర్:
వానకాలం రాకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది, ఇక్కడ వరంగల్ ఎన్టీఆర్ నగర్ ఇండ్లల్లకు నీళ్లొచ్చినయి. అసుంటి రోజున గుడి ట్రస్టు, మసీదు కమిటీ, చర్చి సంఘం, యువజన సంఘాలు ఎవరి బండి వాళ్లే కడతరు. రోడ్డు మీది ఊరికి మూడుసార్లు బియ్యం అందుతయి, వాగు అవతలి గూడేనికి ఒక్క సంచి పోదు. అందుకే ఒకే కమిటీ, ఒకే ఖాతా, ఒకే గోదాం ఉండాలంటున్న. కాదనేటోళ్లు కారణం చెప్పండి.

ఆడిట్ బల్ల:
కమిటీ సరే, గోదాం సరే. ఖాతా మాత్రం వద్దండి. విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో వచ్చిన సవరణ తర్వాత విదేశీ విరాళం తీసుకున్న సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, ఆ సంస్థకూ ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. దేశీయ విరాళంలోనూ చిక్కుంది: ఒక ట్రస్టు ఇంకో ట్రస్టుకు లక్ష ఇస్తే, 2023 ఫైనాన్స్ చట్టం తర్వాత ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 85 వేలే ఖర్చు కింద లెక్కకొస్తుంది. పైగా రిజిస్టర్ కాని కమిటీకి ఇచ్చిన దాతకు పన్ను తగ్గింపు రసీదు రాదు. ఏడుగురితో కొత్త సొసైటీ పెట్టొచ్చు కానీ, దానికి పాన్, పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్, దాతలకు పన్ను తగ్గింపు రసీదు ఇచ్చే అనుమతి అన్నీ మొదటినుంచీ తెచ్చుకోవాలి.

మండి బజార్:
జకాత్ (ముస్లింలు ఏటా తప్పనిసరిగా ఇచ్చే దానం) సంగతి కూడా చూడాలె భాయ్. అది అర్హులైన ముస్లింలకే అనేది ఎక్కువమంది ఉలేమా (మత పండితుల) మాట. ఉమ్మడి ఖాతాల కలిస్తే దాత నమ్మకం పోతది. సదఖా (ఇష్టంతో ఇచ్చే దానం) ఎవరికైనా ఇయ్యొచ్చు. అందుకే రెండింటికీ వేర్వేరు రసీదు పుస్తకాలుండాలె, వాగు అవతలికి పోయే సరుకు సదఖా పైసలతోనే కొనాలె.

ఏటూరునాగారం ఫీల్డ్:
అన్నా, డబ్బు కన్నా ముందు సాయం అందాల్సిన ఇండ్ల జాబితా కలవాలె. దాన్ని రేషన్ కార్డు నంబరుతో కట్టొద్దు. గొత్తికోయ ఆదివాసీ కుటుంబాలు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినయి, చానామందికి ఇక్కడి కార్డు లేదు. పెద్దపల్లి ఇటుక బట్టీల ఒడిశా కూలీలదీ అదే కథ. కార్డు అడిగితే ఎక్కువ అవసరమున్నోళ్లే వరుసలోంచి బయటికి పోతరు.

పొయ్యి లెక్కన, అంటే కలిసి వండుకు తినేటోళ్లను ఒక్క ఇల్లుగా రాయాలె. ఒక పొయ్యికి ఒక టోకెన్, వరుస నంబరు రెండు ముక్కల మీదా ఉండాలె. ఒక ముక్క ఇంట్ల, ఒకటి జాబితా దగ్గర. బియ్యం అందితే ఒక మూలన పంచ్, టార్పాలిన్ అందితే ఇంకో మూలన. ఏ సంస్థ బండి వచ్చినా అదే టోకెన్ చూడాలె. కాగితం తడిస్తది కాబట్టి లామినేషన్ చేయించాలె. ఇంకోటి, రాసుకునేటప్పుడు పక్కన ఇంటి భాష రాయాలె: కోయ, లంబాడీ, ఉర్దూ, ఒడియా.

భాష ఎందుకంటరా? క్లోరిన్ బిళ్లల పట్టీ చేతిల పెట్టి తెలుగుల రెండు ముక్కలు చెప్పి పోతే, అది జ్వరం బిళ్ల అనుకుని మింగే ప్రమాదం ఉంది. బిందె ముందు పెట్టి, బురద నీళ్లు గుడ్డతోని వడగట్టి, ఆ బిందెకు సరిపోయేటన్ని బిళ్లలేసి, అరగంట ఆగి తాగాలని వాళ్ల మాటలోనే చేసి చూపాలె. గూడెంలో ఆశా వర్కర్ కోయ మాట్లాడుతది, ఆమెను ముందే అడిగిపెట్టుకోవాలె.

మొదటి రెండు రోజులు బియ్యం పంపొద్దు. కట్టెలు తడిసి పొయ్యి అంటుకోదు. అటుకులు, బెల్లం పోవాలె. మూడోనాటి నుంచి ఐదుగురి ఇంటికి పది రోజులకు 20 కిలోల బియ్యం, 2 కిలోల పప్పు, లీటరు నూనె, కిలో ఉప్పు. బియ్యం పది కిలోల సంచులు రెండు చేస్తే మనిషి వాగు దాటించగలడు, 25 కిలోల బస్తా అయితే ఒడ్డు మీదనే ఉంటది.

హన్మకొండ వాలంటీర్:
జాబితా మాట ఒప్పుకుంట. మరి ట్రాక్టర్ డీజిల్, పడవ కిరాయి ఎవరు కట్టాలె? దాతలందరికీ బియ్యం సంచి ఫొటోనే కావాలె. ఉమ్మడి ఖాతా అన్నది అందుకోసమే.

ఆడిట్ బల్ల:
ఆ బాధ నిజమే. ఖాతా లేకుండానే పంచుకోవచ్చు. ముందే రెండు పేజీల ఒప్పందం రాసుకోండి: బియ్యం ఒక సంస్థ, టార్పాలిన్లు ఒకటి, రవాణా ఒకటి. ఎవరి వంతు బిల్లు వాళ్ల పేరుమీదే వచ్చి, వాళ్ల ఖాతా నుంచే దుకాణానికి పోవాలి. ట్రాక్టర్‌కు బండి నంబరు, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, డ్రైవర్ సంతకం ఉన్న వోచర్ చాలు. రవాణా వంతు ఏటా మారాలి, లేకపోతే ఆ సంస్థ రెండో ఏడాది తప్పుకుంటుంది.

మండి బజార్:
రవాణా వంతు తీసుకున్నోళ్ల పేరు కూడా ప్రతి సంచి మీద అచ్చెయ్యాలె. అది ఒప్పందంలనే రాయండి.