పాత వైర్డ్ మోషన్ సెన్సర్లను వైర్‌లెస్ చేయడం: ఉంచాలా, పీకేయాలా?

కావలి_మేడ: అలారం ప్యానెల్ బోర్డు కాలిపోయింది. నాలుగు పీఐఆర్‌లు (ఒంటి వేడిని బట్టి కదలిక పట్టే సెన్సర్లు) బాగానే ఉన్నాయి, గోడలో ఆరు కోర్ల (లోపలి తీగల) వైరు. కొత్త ప్యానెల్ వైర్‌లెస్‌ది. పాత సెన్సర్లకు బ్యాటరీ పెట్టి వాడొచ్చా?

మాగుంట_లేఅవుట్: బ్యాటరీ మాట వదిలెయ్యండి. వైర్డ్ పీఐఆర్‌కు 12 వోల్టులు కావాలి, ఊరికే ఉన్నా 10–20 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. 15 అనుకుంటే 2000 ఎంఏహెచ్ సెల్స్ ఐదున్నర రోజుల్లో ఖాళీ. పాత పవర్ సప్లై, 12 వోల్ట్ 7 ఏహెచ్ బ్యాటరీ అలాగే ఉంచండి. మీ ప్యానెల్‌కు కలిసే వైర్‌లెస్ డోర్ కాంటాక్ట్ (తలుపు తెరిస్తే ప్యానెల్‌కు సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్) కొనండి, బయటి వైరుకు స్క్రూ టెర్మినల్ ఉన్న రకం. పీఐఆర్ ఎన్‌సీ, కామ్ వైర్లు (కదలిక లేనప్పుడు కలిసి ఉండే రిలే స్విచ్ రెండు కొసలు) అందులో బిగించండి. దాని సొంత రీడ్ స్విచ్‌ను (అయస్కాంతం దగ్గరుంటే మూసుకునేది) సెట్టింగ్‌లో ఆపండి, ఆగకపోతే అయస్కాంతం పక్కనే అంటించండి.

ఒంగోలు_ప్యానెల్: రెసిస్టర్ల సంగతి చెప్పకుండా బిగించమంటే ఎట్లా? పాత ఫిట్టింగుల్లో పీఐఆర్ లోపల రెండుంటాయి: ఒకటి సిరీస్‌లో, ఇంకోటి రిలేకు అడ్డంగా. రిలే తెరుచుకున్నా అడ్డం రెసిస్టర్ గుండా కరెంటు పోతూనే ఉంటుంది. ట్రాన్స్‌మిటర్‌కు ఆ రెండు వైర్ల లూప్ మూసినట్టే కనబడితే మనిషి హాల్లో తిరిగినా మోగదు. రెండూ తీసేయండి.

మాగుంట_లేఅవుట్: అన్నీ పీకమనడం తప్పు. వైరును ఎవరన్నా షార్ట్ చేస్తే తెలియడానికే అవి పెట్టేది.

ఒంగోలు_ప్యానెల్: ఆ విలువ చదివే ప్యానెల్ ఉంటే కదా! డోర్ కాంటాక్ట్ తెరిచిందా మూసిందా అనే చూస్తుంది. ఇరవై ఏళ్లుగా ప్యానెళ్లు బిగిస్తున్నా, నాకు ఈఓఎల్ (ఆ లూప్ చివరి రెసిస్టర్ల) పాఠం చెప్పొద్దు.

మాగుంట_లేఅవుట్: అనుభవం మీదే కానీ ఇల్లు ఆయనది. ఈఓఎల్ చదివే ట్రాన్స్‌మిటర్లూ ఉన్నాయి. మాన్యువల్ చూడకముందే కటింగ్ ప్లయర్ తీయమనొద్దు.

కందుకూరు_మీటర్: ఇద్దరూ ఆగండి. పీఐఆర్‌కు పవర్ ఇచ్చి, లూప్ వైర్లు రెండూ విడిగా తీసి మల్టీమీటర్ పెట్టండి. ఆన్ చేశాక ఒక నిమిషం వార్మప్, తర్వాత గదిలో కదలిక ఉండకూడదు. వైరు పొడవును బట్టి కొద్ది ఓములే చూపిస్తే రెసిస్టర్ లేదు. 4.7కే (కిలో ఓములు) చూపించి, నడిస్తే 9.4కే అయితే రెండూ ఉన్నట్టు.

సింగరాయకొండ_కోడ్: నాలుగు ట్రాన్స్‌మిటర్లు ఎందుకన్నా? వైర్లన్నీ ఒకే డబ్బాలోకి వస్తాయి కదా. ఒక ఈఎస్‌పీ8266 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్), 12 నుంచి 5 వోల్టులకు తగ్గించే బక్ కన్వర్టర్, నాలుగు 10కే రెసిస్టర్లు చాలు. కామ్‌లు గ్రౌండ్‌కు, ఎన్‌సీలు బోర్డు మీది డీ1, డీ2, డీ5, డీ6 పిన్నులకు, ప్రతి పిన్ను నుంచి 3.3 వోల్టులకు ఒక 10కే. డీ3, డీ4, డీ8 ముట్టుకోవద్దు. బూట్ సమయంలో బోర్డు వాటిని చూస్తుంది, సెన్సర్ స్థితిని బట్టి అసలు లేవకపోవచ్చు. పాత 4.7కేలు రెండూ ఉంచితే రిలే తెరిచినప్పుడు పిన్ను మీద 1.6 వోల్టులు. అది హై (తెరిచింది) కాదు, లో (మూసింది) కాదు. ఇక్కడ మాత్రం ఒంగోలు అన్న మాటే కరెక్టు.

ఒంగోలు_ప్యానెల్: ఇది వైఫై. ఆయన కొన్న ప్యానెల్‌తో నేరుగా మాట్లాడదు, హోమ్ అసిస్టెంట్ లాంటి ఇంటి ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ కావాలి. కరెంటు పోతే రౌటర్ పోతుంది, దాంతో అలారమూ పోతుంది.

సింగరాయకొండ_కోడ్: రౌటర్ ఇన్వర్టర్ మీద పెట్టుకోరా ఎవరన్నా?

మైపాడు_గాలి: ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదు. పీఐఆర్ చూసేది ఒంటి వేడికీ గది వేడికీ ఉన్న తేడా. మే నెలలో మూసిన మేడ గది 36, 37 డిగ్రీలకు వచ్చిందంటే ఆ తేడా దాదాపు ఉండదు. టెంపరేచర్ కాంపెన్సేషన్ (గది వేడిని బట్టి సున్నితత్వం సర్దుకునే ఏర్పాటు) లేని పాతవాటిని మేడ మీద నమ్మొద్దు, మైక్రోవేవ్ కూడా ఉన్న డ్యూయల్ రకం పెట్టండి. సముద్రం దగ్గరైతే టెర్మినళ్లకు పచ్చగా చిలుము పడుతుంది, వైరు కొస కత్తిరించి కొత్త రాగి తేల్చి బిగించండి. వైరు దూరే రంధ్రం సిలికాన్‌తో మూయండి. చీమలు లోపల గూడు కడితే, బల్లి లెన్స్ మీద పాకితే అర్ధరాత్రి మోగుతుంది.

కావలి_మేడ: మీటర్ పెట్టాను. మూడింటికి 4.7కే, 9.4కే. మేడ మీది దానికి 3 ఓములే, నడిచినా మారడం లేదు.

కందుకూరు_మీటర్: మేడ మీద పవర్ ఇచ్చాక నడిస్తే ఎల్‌ఈడీ వెలుగుతోందా? వెలుగుతుంటే రిలే అతుక్కుపోయింది, లేదా వైరు మధ్యలో షార్టయింది. పీఐఆర్ దగ్గర ఎన్‌సీ వైరు ఊడదీసి మళ్లీ చూడండి. ఇంకా 3 ఓములే ఉంటే తప్పు గోడలోని వైరుది. స్పేర్ కోర్‌కు మార్చండి, ఆరు కోర్లలో రెండన్నా ఖాళీగా ఉండొచ్చు.

ఒంగోలు_ప్యానెల్: మిగతా మూడింటికి ముందు అడ్డం రెసిస్టర్ కత్తిరించండి, అప్పుడు నడిస్తే మీటర్ ఓపెన్ చూపాలి. సిరీస్‌ది ఉంచాలా వద్దా అన్నది ట్రాన్స్‌మిటర్ మాన్యువల్ చూసి తేల్చుకోండి, ఆ మాట మాగుంట ఆయనదే. ట్రాన్స్‌మిటర్లను ఇనప డబ్బా లోపల మాత్రం పెట్టొద్దు, సిగ్నల్ బయటికి రాదు. వైర్లు బయటికి లాగి గోడ మీద బిగించండి.