ఆంధ్రా ఫార్మసీ రిజిస్ట్రేషన్ కర్ణాటకకు మార్చుకోవాలంటే?

మారతహళ్లి_బీఫార్మ్:
ఏపీ ఫార్మసీ కౌన్సిల్లో రిజిస్టరైన బీఫార్మ్‌ని. వచ్చే నెల ఇక్కడ బెంగళూరులో మెడికల్ షాపులో చేరాలి. ముందు అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలా, ఇక్కడ దరఖాస్తు పెట్టాలా? ఈలోగా కౌంటర్లో నిలబడొచ్చా? ఫీజు ఎంత? పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. ఇబ్బందా?

కౌంటర్_వెనక:
నిలబడొచ్చండీ. ఫార్మసీ చట్టం కేంద్రానిది, ఏపీ నంబరు దేశమంతా చెల్లుతుంది. బదిలీ నెమ్మదిగా చేసుకోండి.

సెక్షన్_42:
దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. 1948 చట్టం సెక్షన్ 2లో రిజిస్టర్డ్ ఫార్మసిస్టు అంటే ఎవరో రాసుంది: ప్రస్తుతం ఏ రాష్ట్రంలో ఉంటున్నాడో, లేదా వృత్తి చేస్తున్నాడో, ఆ రాష్ట్ర రిజిస్టర్లో పేరున్నవాడు. చట్టం కేంద్రానిదే, రిజిస్టరు మాత్రం రాష్ట్రానిది. సెక్షన్ 42 ప్రకారం డాక్టర్ చీటీ మీద మందు కట్టివ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. బెంగళూరు కౌంటర్లో ఏపీ నంబరు చూపిస్తే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు.

కౌంటర్_వెనక:
సెక్షన్ 32 కూడా చదవండి మరి. వేరే రాష్ట్రంలో రిజిస్టరైనవారికి ఇక్కడ పేరు ఎక్కించుకునే హక్కుంది. హక్కున్నప్పుడు మిగిలింది లాంఛనమే కదా?

సెక్షన్_42:
హక్కు ఉండటం వేరు, పేరు ఎక్కడం వేరు. ఎక్కేదాకా మీరు ఇక్కడి ఫార్మసిస్టు కాదు. రిజిస్ట్రార్ తిరస్కరిస్తే మూడు నెలల్లోపు రాష్ట్ర కౌన్సిల్‌కు అప్పీలు చేసుకోవచ్చని సెక్షన్ 33లో ఉంది. ఉత్త లాంఛనమైతే అప్పీలు ఎందుకు పెడతారు? మీ మాట నమ్మి ఈ పిల్లాడు కౌంటర్లో నిలబడితే షాపు లైసెన్సుకూ ముప్పే.

ఫారం_20_21:
లైసెన్సు ఫైళ్లు నా చేతి మీదుగా వందల్లో వెళ్లాయి కాబట్టి చెబుతున్నాను. ముందు ఎన్‌ఓసీ. దానికంటే ముందు సొంత కౌన్సిల్లో రెన్యువల్ బాకీ లేకుండా చూసుకోవాలి. రెన్యువల్ ఫీజు కట్టనివాళ్ల పేరు రిజిస్టర్లోంచి తీసేసే అధికారం రిజిస్ట్రార్‌కు ఉంది. పేరే లేనివాడికి ఎన్‌ఓసీ రాదు. ఉమ్మడి రాష్ట్రంలో, అంటే 2014 జూన్ 2కు ముందు రిజిస్టరైనవాళ్లు తమ రికార్డు విజయవాడ వైపు ఉందో హైదరాబాద్ వైపు ఉందో ముందు తేల్చుకోవాలి. తప్పు కౌన్సిల్‌కు అర్జీ పెడితే అక్కడే ఆగిపోతుంది.

సర్టిఫికెట్_అద్దెకివ్వం:
అసలు జబ్బు ఎవరూ ముట్టుకోవట్లేదు. కాగితం బదిలీ అవుతుంది, మనిషి మాత్రం ఊళ్లోనే ఉంటాడు. గోడకు సర్టిఫికెట్టు, కౌంటర్లో పదో తరగతి చదివిన కుర్రాడు. చీటీ మీద ఇచ్చే మందు ఫార్మసిస్టు ప్రత్యక్ష పర్యవేక్షణలోనే ఇవ్వాలని డ్రగ్స్ రూల్స్ 65లో స్పష్టంగా ఉంది. గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము బదులు 2 ఇస్తే షుగరు పడిపోయేది రోగికి. సర్టిఫికెట్టు షాపుకు అద్దెకిచ్చి డబ్బు తీసుకునేవాళ్లు అది ఒక్కసారి ఆలోచించాలి. వృత్తిలో తప్పుడు నడవడికకు సెక్షన్ 36 కింద పేరు తీసేయొచ్చు. తీసేయాలి కూడా.

హోల్‌సేల్_యశ్వంతపుర:
హోల్‌సేల్‌కు ఫార్మసిస్టే అక్కర్లేదు. 20బి, 21బి లైసెన్సులకు మందుల వ్యాపారంలో ఏడాది అనుభవమున్న డిగ్రీవాడైనా చాలు, నాలుగేళ్ల అనుభవమున్న మెట్రిక్ పాసైనవాడైనా చాలు. స్థలం 10 చదరపు మీటర్లు. రిటైలూ కలిపితే 15.

సర్టిఫికెట్_అద్దెకివ్వం:
హోల్‌సేల్ సంగతి ఇక్కడ ఎవరడిగారు? మీ లైసెన్సు మీద చిల్లరగా స్ట్రిప్పులు అమ్మేవాళ్ల గురించి రాయండి, చదువుతాం.

హోల్‌సేల్_యశ్వంతపుర:
అందరినీ ఒకే గాటన కట్టొద్దు. మేము లైసెన్సు నంబరు చూడందే బిల్లే వేయం.

హెచ్1_పుస్తకం:
కొత్తగా చేరేవాళ్లకు ఒక మాట. ఇన్‌స్పెక్టర్ వస్తే ముందు అడిగేవాటిలో షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు ఒకటి, అంటే చీటీ మీదే అమ్మి విడిగా లెక్క రాయాల్సిన మందుల పుస్తకం. సెఫిక్సిమ్, ఆల్ప్రజోలామ్, జోల్పిడెమ్, టీబీ మందులు అందులోకి వస్తాయి. 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం అమ్మినప్పుడే రాయాలి, మూడేళ్లు దాచాలి. సాయంత్రం బిల్లులు చూసి ఒకేసారి ఎక్కిస్తే డాక్టర్ చిరునామా గడి ఖాళీగా మిగులుతుంది. చీటీ అప్పటికే రోగి ఇంటికి వెళ్లిపోయుంటుంది కదా. దొరికిపోయేది అక్కడే.

మారతహళ్లి_బీఫార్మ్:
అందరికీ ధన్యవాదాలు. బదిలీ పూర్తయ్యాకే చేరతానని ఓనర్‌కు చెప్పేశాను. ఇంటిపేరు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఫారం_20_21:
మన తెలుగువాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది దాని దగ్గరే. పదో తరగతి మెమో, డిగ్రీ, ఏపీ సర్టిఫికెట్టు, ఆధార్ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి మూడింట్లో పేరు ఒకేలా ఉంటే ఆధార్‌నే మెమో ప్రకారం దిద్దించుకోండి, అదే తేలిక. మెమో మార్చాలని మాత్రం దిగకండి, బోర్డు చుట్టూ తిరగాల్సొస్తుంది. దిద్దే వ్యవధి లేకపోతే రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ జతచేయండి. దరఖాస్తులో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుంటే పొడి అక్షరాన్ని విడదీసి పూర్తి ఇంటిపేరు చేయకండి. మెమోలో ఎలా ఉందో అలాగే నింపండి. ఎన్‌ఓసీ అర్జీలోనూ అదే పేరు ఉండాలి, లేదంటే రెండు కౌన్సిళ్ల కాగితాలూ కలవవు.