పాత ఇంటి రిపేరుకు కాంట్రాక్టర్‌ని ఎట్టా ఎంచుకునేది? నెల్లూరు, ఒంగోలు వైపు పని తెలిసినోళ్లు చెప్పండి

వేదాయపాలెం_ఇల్లు:
నెల్లూరు వేదాయపాలెంలో 1996లో కట్టిన ఇల్లు. ఒకటే అంతస్తు, 1,150 చదరపు అడుగులు. రెండు బాత్‌రూములు మొత్తం తీసి కొత్తగా చెయ్యాలి. వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీసేయాలనుంది. వైరింగ్ మార్చాలి. వెనక వరండా స్లాబు కింద పెచ్చులూడి కమ్మీలు కనపడతన్నాయి. ముగ్గుర్ని పిలిస్తే ఒకాయన అడుగుకి ఇంత అన్నాడు, ఇంకొకాయన మొత్తానికి ఒకే అంకె చెప్పాడు, మూడో ఆయన కూలి మటుకే అన్నాడు. మూడూ పక్కన పెట్టి పోల్చేదానికి కుదరడంలా. ఎవర్ని నమ్మాలో ఏం చూసి తేల్చుకోవాలి?

సైట్_ఇంజనీర్_ఒంగోలు:
ఆ మూడు అంకెలూ మూడు వేరే పనులకు చెప్పినవి, అందుకే పోలిక కుదరదు. రిపేరు పనికి ఇంటి మొత్తం మీద అడుగు రేటు చెప్పేవాళ్లని పక్కన పెట్టండి. కొత్త ఇంటికి ఆ లెక్క కొంతవరకు చెల్లుతుంది. రిపేరులో పగలగొట్టడం, రద్దు మట్టి బయటికి తోలడం, పాత పైపు ఎక్కడ చివికిందో వెతకడం, ఇవన్నీ అడుగుల్లోకి రావు. తక్కువ రేటు చెప్పి పని ఒప్పుకుని, గోడ పగలగొట్టాక ‘ఇది ఎక్స్‌ట్రా’ అనడం మొదలయ్యేది అక్కడే.

ముందు జాబితా మీరే రాయండి. గదివారీగా ఏం తీసేయాలి, ఏం పెట్టాలి, ఎంత మందం, ఏ కంపెనీ, ఎన్ని అడుగులు. ‘బాత్‌రూమ్ రిపేరు 1’ అని రాస్తే లాభం లేదు. ‘పాత టైల్స్, వాటి కింది మట్టి, అడుగు కాంక్రీటు దాకా తీసి రద్దు తోలడం’, ‘వాటర్‌ప్రూఫ్ రెండు కోట్లు, గోడ మీదకి అడుగు, షవర్ దగ్గర 6 అడుగులు’ అని విడివిడిగా ఉండాలి. అదే కాగితం ముగ్గురికీ ఇచ్చి ఎదురుగా రేటు రాయమనండి. ఐటెం వారీగా రాయనని మొండికేసేవాడు రేపు బిల్లు కూడా వివరంగా ఇవ్వడు.

ఇంకొకటి, మొదటిసారి వచ్చినప్పుడు మనిషి ఏం చేస్తాడో చూడండి. సుత్తితో స్లాబు కొట్టి చూశాడా, మిద్దె ఎక్కి నీళ్ల వాటం చూశాడా, మీటర్ బోర్డు తెరిపించాడా? వీటిలో ఒక్కటీ చెయ్యకుండా హాల్లో కూర్చుని అంకె చెప్పాడంటే ఆ అంకెకు ఆధారం లేదు.

మీ వంటగది గోడ సంగతి మరీ ముఖ్యం. 1996 నాటి ఇళ్లు చాలావరకు పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు ఆనించి కట్టినవి. తొమ్మిదించుల గోడ అయితే బరువు మోస్తోందనే అనుకోండి. నాలుగున్నర ఇంచుల గోడ మీద కూడా స్లాబు ఆని ఉండొచ్చు. ‘ఏం కాదు, తీసేద్దాం’ అని నిలబడ్డ చోటే చెప్పేవాడికి పని ఇవ్వొద్దు. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి, స్లాబుని తాత్కాలికంగా మోసే జాకీలు ఎక్కడ పెట్టాలి, పైన ఏ సైజు బీము రావాలి అని గీసి ఇచ్చిన తర్వాతే సుత్తి తగలాలి. ఆ ఫీజు మీరే నేరుగా ఇవ్వండి, కాంట్రాక్టర్ ద్వారా వద్దు.

బేల్దారి_కోవూరు:
అన్న చెప్పింది నిజం. నేను వరండా స్లాబు గురించి చెప్తా, సముద్రం గాలి తగిలే మన వైపు ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే.

పెచ్చులూడిన చోట సిమెంటు పూసి సున్నం కొడితే ఆరు నెలలు బాగుంటది. లోపల కమ్మీ తుప్పు పట్టి ఉబ్బుతానే ఉంటది, మళ్లా ఇంకా పెద్ద పెచ్చు పడతది. సరిగ్గా చేసేవాడు ముందు స్లాబు కింద మొత్తం కొట్టి చూసి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా చాక్‌పీసుతో గీత గీస్తాడు. వదులు కాంక్రీటు తీసి, కమ్మీ వెనక కూడా వేలు పట్టేంత ఖాళీ చేస్తాడు. వైరు బ్రష్షుతో తెల్లకమ్మీ కనపడేదాకా రుద్దుతాడు. ఆపైన తుప్పు ఆపే జింక్ ప్రైమర్, పాత కాంక్రీటుకు బాండింగ్ కోటు, అది జిగట మీద ఉండగానే పాలిమర్ మోర్టారు. ఒకేసారి మందంగా కొడితే జారిపోద్ది, పొరలు పొరలుగా నింపాల. కమ్మీని తుప్పు బాగా తినేసి ఉంటే పక్కన కొత్త కమ్మీ కట్టాల, అది ఇంజనీరు చెప్పాల.

కాంట్రాక్టర్ని ఒక్క మాట అడగండి: ‘కమ్మీ వెనక కూడా తీస్తారా?’ తియ్యక్కర్లేదు అన్నాడా, ఆ పని అతనికి తెలీదు. ఇంకోటి, పైన నీళ్లు దిగతన్నాయేమో ముందు చూడాల. మిద్దె మీద వాటం సరిచెయ్యకుండా కింద అతుకులు పెడితే దండగ.

మూలాపేట_లెక్కలు:
ఫొటోలు చూసి నమ్మొద్దు. రెండు మూడేళ్ల కిందట చేసిన ఇల్లు చూపించమనండి, కనీసం రెండు వానాకాలాలు చూసినది. పోయినప్పుడు బాత్‌రూమ్ బయటి గోడ కింది భాగం చూడండి, అక్కడ రంగు ఉబ్బి ఉప్పు పొంగుతుంటే లోపల లీకుంది. రూపాయి బిళ్లతో టైల్స్ మూలలు తట్టండి. చెంబుడు నీళ్లు నేల మీద పోసి జాలీ వైపు పోతాయో లేదో చూడండి.

తర్వాత అతను సామాను తెచ్చే సిమెంటు కొట్టు, హార్డ్‌వేర్ కొట్టు దగ్గర మర్యాదగా ఒక మాట కనుక్కోండి. కొట్ల దగ్గర బాకీలు పేరుకుని ఉంటే మీరిచ్చే అడ్వాన్సు పాత సైటు బాకీకి పోతుంది, మీ పని నడిమధ్య ఆగుతుంది.

వేదాయపాలెం_ఇల్లు:
కూలి మటుకు ఇచ్చి సామాను నేనే తెచ్చుకుంటే మంచిదా? నేను పగలంతా ఆఫీసులో ఉంటా.

బేల్దారి_కోవూరు:
పగలు ఎవురూ ఉండకపోతే కూలి కాంట్రాక్టు వద్దు. ఇసక అయిపోయిందని, టైల్స్ అతికించే గమ్ము రాలేదని కూలీలు కూర్చుంటే ఆ రోజు కూలి మీ నెత్తినే. మధ్యే మార్గం ఒకటుంది. టైల్స్, కుళాయిలు, వైరు, స్విచ్చులు మీరు కొనండి, కంపెనీ పేరు చూస్తేనే తెలుస్తది కాబట్టి మోసం లేదు. సిమెంటు, ఇసక, ఇటుక, కెమికల్ అతన్ని తెమ్మనండి, లెక్క మాత్రం మీరు పెట్టుకోండి.

లెక్క ఎట్టాగంటే, 12 మి.మీ. మందాన 1:4 (సిమెంటు ఒక పాలు, ఇసక నాలుగు పాళ్లు) కలిపి పూత వేస్తే 100 చదరపు అడుగులకు దాదాపు ఒక బస్తా పడతది. 400 అడుగుల గోడకు రెండు బస్తాలతో ముగించాడంటే అర్థం మీకే తెలుస్తది. ఖాళీ సంచులు పారెయ్యకుండా ఒక మూల పెట్టమని ముందే చెప్పండి. బీముకి కమ్మీ వస్తే తూకం వెయ్యండి. 12 మీటర్ల నిడివిలో 8 మి.మీ. కమ్మీ 4.7 కేజీలు, 12 మి.మీ. కమ్మీ 10.7 కేజీలు ఉండాల.

తాపీ_కావలి:
బాత్‌రూమ్ మీద రాస్తున్నాను. పని వరసే అక్కడ నాణ్యత. పాత మట్టి అడుగు కాంక్రీటు దాకా తీశాక ముందు పైపులు. గోడ మూసేముందు సీపీవీసీ (వేడి నీళ్లు తట్టుకునే ప్లాస్టిక్ పైపు) లైనుకు హ్యాండ్ పంపుతో చదరపు సెంటీమీటరుకి 7 కేజీల ఒత్తిడి పెట్టి గంటసేపు గేజి ముల్లు దిగకుండా చూడాలి. ట్యాంకు నీళ్లు వదిలి ‘కారడం లేదు’ అంటే అది పరీక్ష కాదు, పంపుతో పెట్టిన ఒత్తిడి అందులో ఉండదు.

పైపు నేలలోంచి దిగే చోట చుట్టూ కుంచించుకుపోని గ్రౌటు నింపాలి. లీకుల్లో ఎక్కువ భాగం ఈ రంధ్రం దగ్గరే, నేల మధ్యలో కాదు. నేలా గోడా కలిసే మూల గుండ్రంగా తిప్పి, వాటర్‌ప్రూఫ్ కెమికల్ రెండు కోట్లు, ఒకటి అడ్డంగా ఇంకొకటి నిలువుగా. ఆరాక జాలీ మూసి 48 గంటలు నీళ్లు నిలపాలి. సాయంత్రం నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టి ఫొటో తీయండి. మీది ఒకటే అంతస్తు కాబట్టి కింద కప్పులో చెమ్మ చూసే వీల్లేదు. బయటి గోడా, పక్క గది గోడా చూడాలి.

వాటం 80కి 1, అంటే 6 అడుగులకు దాదాపు ఇంచి. గోడలకు విట్రిఫైడ్ టైల్స్ పెడితే ఉత్త సిమెంటు పాలు చాలవు, ఆ టైలు నీళ్లు పీల్చదు కాబట్టి పట్టు దొరకదు. గమ్ము పళ్ల కరణితో టైలు మొత్తానికీ లాగాలి. నాలుగు మూలలా ముద్దలు పెట్టి అతికిస్తే మధ్యలో డొల్ల ఉండి నీళ్లు చేరతాయి. 20 కేజీల గమ్ము బస్తా 40 నుంచి 50 అడుగులకు వస్తుంది. 100 అడుగులకు ఒకే బస్తా తెప్పిస్తే ముద్దలు పెడుతున్నారనే అర్థం.

కరెంటు_పని_కందుకూరు:
లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి గీజరుకి 4 చదరపు మి.మీ. వైరు, ప్రతి ప్లగ్గుకీ పచ్చ వైరు ఎర్త్. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి అని కాగితంలో రాయించండి. పాత ఇళ్లలో న్యూట్రల్ వైర్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటే ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంది. ఆ తప్పు వెతకలేక కొందరు దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తారు. పని అప్పగించే రోజు టెస్ట్ బటన్ నొక్కించండి, ఇంట్లో కరెంటు పోవాలి.

నాలుగున్నర ఇంచుల గోడలో అడ్డంగా గాడి కొట్టనివ్వొద్దు, నిలువుగానే. బీముకి అసలు వద్దు. పూత పూసేముందు ప్రతి గోడా, టేపు పక్కన పెట్టి కొలత కనపడేలా ఫొటో తీసుకోండి, రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తది.

మూలాపేట_లెక్కలు:
డబ్బు విషయం. అడ్వాన్సు 10 శాతం దాటొద్దు. పగలగొట్టడం, పైపులు అయ్యాక 20, నీళ్ల పరీక్ష నెగ్గాక 20, పూత, టైల్స్‌కి 25, మిగతా పని ముగిశాక 15, చివరి 10 శాతం ఏడాది తర్వాత.

బేల్దారి_కోవూరు:
ఏడాది ఆపితే ఇంత చిన్న పనికి మంచి మేస్త్రి ఎవురూ రాడు అన్నా. వారం వారం కూలి చేతిలో పెట్టాల, లాభమే ఆ 10 శాతంలో ఉంటది. అట్టాంటి షరతుకి ఒప్పుకునేవాడు ముందే రేటులో కలిపేసుకుంటాడు. 5 శాతం, అదీ డిసెంబర్ ఆఖరు దాకా. మన జిల్లాకి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే గదా, ఆ మూడు నెల్లు దాటితే లీకు ఉందో లేదో తేలిపోద్ది.

మూలాపేట_లెక్కలు:
సరే, ఒప్పుకుంటున్నాను. అలాగైతే పని ముగిశాక 20, వానలయ్యాక 5. ఎక్స్‌ట్రా పని వస్తే మొదలుపెట్టక ముందే రేటు, కొలత వాట్సాప్‌లో రాసి ఇద్దరూ ‘సరే’ అనుకోండి. కొలిచే పద్ధతి కూడా ముందే తేల్చాలి. పూతకి కిటికీ, తలుపు ఖాళీలు తీసేస్తారా లేదా, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) అడుగుల్లోనా చదరపు అడుగుల్లోనా. ఆఖర్లో గొడవలన్నీ దీని మీదే. చెల్లింపులు బ్యాంకు ద్వారా చెయ్యండి. బిల్లులో జీఎస్టీ వేస్తే ఆ నంబరు జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి.

మాటతో తేలకపోతే నెల్లూరులో, ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. 2 ఏళ్ల లోపు ఫిర్యాదు చెయ్యాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. ఒప్పంద కాగితం, చెల్లింపు రుజువులు, తేదీలున్న ఫొటోలు ఉంటేనే అక్కడ నిలబడుతుంది.

చీమకుర్తి_రాయి:
వంటగది బండకి గెలాక్సీ (చీమకుర్తి నల్ల గ్రానైట్) అంటే 20 మి.మీ. అని రాయించి, వచ్చాక అంచు దగ్గర స్కేలు పెట్టి కొలవండి. 16, 17 మి.మీ. పలకలు కూడా అదే పేరుతో వస్తుంటాయి, సింకు కోసిన చోట అవే విరుగుతాయి. రంగు వేసిన రాయేమో అనుమానం ఉంటే తెల్ల గుడ్డకి థిన్నర్ పెట్టి రుద్దండి, నలుపు అంటితే వెనక్కి పంపండి.

సైట్_ఇంజనీర్_ఒంగోలు:
నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. కొత్తపట్నం, సింగరాయకొండ, అల్లూరు లాంటి తీరం ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవి కమ్మీ ఉన్న కాంక్రీటుకి పనికిరావు. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ట్యాంకరు నీళ్లు ఎవరు తెప్పించాలో, డబ్బు ఎవరిదో ఒప్పందంలో రాయండి. రాయకపోతే బోరు పైపే పెడతారు. తడపడం కూడా అంతే. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకి కనీసం 10 రోజులు తడపాలి, ఆ మనిషి ఎవరో పేరుతో సహా తేల్చుకోండి.

వేదాయపాలెం_ఇల్లు:
జాబితా ఈ రాత్రికే రాస్తాను. పని ఎప్పుడు మొదలుపెడితే మంచిది?

బేల్దారి_కోవూరు:
సంక్రాంతి దాటినాక. ముందు మిద్దె, వరండా, ఆనక బాత్‌రూములు. రెండూ ఒకేసారి పగలగొట్టనివ్వొద్దు, ఒకటి వాడకంలో ఉంచండి. బయటి పూత ఏప్రిల్ లోపల అయిపోవాల, మే ఎండకి పూసింది పూసినట్టే ఎండి పగుళ్లిస్తది. ఆలస్యమై మే లోకి పోతే పొద్దున 10 లోపల, సాయంత్రం 4 తర్వాత పూయించి, గోనెపట్టా కట్టి తడపండి.